మిద్దె మీది అవ్వ దగ్గరే ఉండు బేటీ

కర్నూలు

బేటీకి,

అస్సలాము అలైకుమ్.

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన కథ పోయిన వారం అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం మాత్రం నాలుగైదు సార్లు చదివి ఉంటాను. పొద్దున ఫోన్‌లో గాజా పిల్లల ఫోటోలు చూసి ఏడ్చానని రాశావు. అదే రోజు సాయంత్రం స్నేహితులతో సూపర్‌హీరో సినిమాకు పోయి ఈలలు వేశానని రాశావు. ఇంటికొచ్చి ఇషా నమాజుకు నిలబడితే సిగ్గేసిందన్నావు. "చాచా, నాది దొంగ ఏడుపా?" అని అడిగావు.

కాదు బేటీ. పొద్దున ఆ పిల్లల్ని చూసినప్పుడు ఎవరైనా వచ్చి వాళ్లను ఎత్తుకుంటే బాగుండని నీ గుండె కొట్టుకుంది. సాయంత్రం తెర మీద ఎవరో వచ్చి ఎత్తుకున్నారు. ఈల అక్కడి నుంచే పుట్టింది. ఆ ఏడుపు, ఈ ఈల రెండూ నీవే. ఆ సినిమాలు చూడటం తగునా తగదా అని చెప్పే చదువు నాకు లేదు. నమాజు వేళ దాటనివ్వకు, తెర మీది వాళ్లను మనుషులుగానే చూడు. అంతకు మించి ఆ సంగతి నేను మాట్లాడను. రాసేవాడిగా నాకు తెలిసింది చెప్తాను.

నా చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో కాంతారావు కత్తి దూస్తే నేల టికెట్టు వాళ్లమంతా లేచి నిలబడేవాళ్లం. రాత్రి మిద్దె మీద పడుకుంటే మా నానీ అమీర్ హంజా కథలు చెప్పేది. కోహ్ కాఫ్ కొండలు, రెక్కల గుర్రాలు, దేవ్‌లనే రాక్షసులతో యుద్ధాలు. నాకు మాత్రం హంజా కంటే ఆయన స్నేహితుడు అమర్ అయ్యార్ ఇష్టం. అతని జోలెలో ఏది వేసినా పట్టేది. కరువు రోజులవి. ఆ జోలె మాకుంటే అందులోంచి ఎన్ని జొన్నలు తీయొచ్చో లెక్కలేసుకుంటూ నిద్రపోయేవాణ్ణి. ఆకలైన పిల్లవాడు అద్భుతం ఊహించుకుంటే అందులో తప్పేముంది?

సూపర్‌మ్యాన్ ఎలా పుట్టాడో తెలుసుకో. 1938లో ఆ బొమ్మల కథ తొలిసారి అచ్చయింది. దాన్ని తయారుచేసిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ క్లీవ్‌లాండ్ ఊళ్లో పెరిగిన వలస యూదుల పిల్లలు. సీగెల్ తండ్రికి పాత బట్టల కొట్టు ఉండేది. 1932లో ఒకరోజు కొట్లో దొంగలు పడ్డారు, ఆ గొడవలోనే ఆయన గుండె ఆగి చనిపోయాడు. ఆ కొడుకే తర్వాత తూటా తగిలినా ఏమీ కాని మనిషిని ఊహించాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందనే నేను నమ్ముతాను. నాన్నను కాపాడటానికి ఎవరూ రాలేదు గనుకనే వచ్చేవాణ్ణి రాసుకున్నాడు.

నీకిష్టమైన సూపర్‌హీరో కమలా ఖాన్ సంగతీ అంతే. 2014లో సొంతంగా బొమ్మల పుస్తకం మొదలైన పాత్ర అది, జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల. మొదటి కథల్లోనే ఆ పిల్లకు వాళ్ల నాన్న చెప్పే ఖురాన్ వాక్యం, ఒక ఆయత్ గుర్తొస్తుంది. టీవీలో మంటలో వరదో బాంబు దాడో కనబడినప్పుడల్లా ఆయన ఆ ఆయతే చదివేవాడట. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మనుషులందరినీ కాపాడినట్టే అన్నది. అల్ మాయిదా సూరాలో ఉంది, 32వ ఆయత్. టీవీ ముందు కూర్చుని నువ్వు పడ్డ బాధే ఆ నాన్న కూడా పడ్డాడు చూడు.

ఇక నీ కథకు వస్తాను.

నీ కథ 2009 కర్నూలు వరద మీద రాశావు. పాతబస్తీ కుర్రాడికి ఒక శక్తి వస్తుంది. తుంగభద్రను రెండు చేతులతో ఆపుతాడు, హంద్రీని వెనక్కి నెడతాడు. మిద్దె మీద చిక్కుకున్న ఒక అవ్వను ఎత్తుకుని కొండారెడ్డి బురుజు మీద దింపి ఎగిరిపోతాడు. జనం చప్పట్లు. నీళ్లు వెనక్కి పోయే వర్ణన చాలా బాగుంది, అందులో ఒక్క ముక్క మార్చొద్దు. నాకు అడ్డం పడింది ఒక్కటే. అవ్వను బురుజు మీద దింపాక నీ కథలో ఆమె మళ్లీ కనబడదు. ఆమె పేరేంటో నువ్వు చెప్పలేదు. ఒక్క మాటా మాట్లాడించలేదు. కుర్రాడు ఎంత బలవంతుడో చూపించడానికి ఒక బరువు కావాల్సి వచ్చింది, ఆ బరువుగా అవ్వను వాడుకున్నావు.

నువ్వు అప్పుడు చాలా చిన్నపిల్లవు, పైగా ఆదోనిలో ఉన్నావు. నేను ఆ నీళ్లలో ఉన్నాను. అందుకే చెప్తున్నాను.

అక్టోబర్ 2, శుక్రవారం. రంజాన్ పండగ అయిపోయి పన్నెండు రోజులు కూడా కాలేదు, ఇంట్లో సేమ్యాలు ఇంకా మిగిలే ఉన్నాయి. నీళ్లు మొదట మోరీలోంచి వచ్చాయి. మేం చీపురు తీసుకుని తోస్తున్నాం, మోరీ పొంగిందనుకుని. కాసేపటికి గడప మునిగింది. ఇంకాసేపటికి మంచం తేలింది. పిల్లల్ని భుజాన వేసుకుని ఎదురింటి మిద్దెక్కాం. చీకటి పడేసరికి ఆ మిద్దె మీద ముప్పై మందికి పైనే ఉన్నాం. కరెంటు లేదు. వీధిలో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అప్పుడప్పుడు ఎక్కడో గోడ కూలేది. ఆ చప్పుడుకు ఆడవాళ్లు "యా అల్లా" అనేవాళ్లు, "స్వామీ" అనేవాళ్లు.

మాలో ఒక అవ్వ ఉంది. ఇల్లు మునుగుతుంటే అందరం కాగితాలు, బంగారం, ఫోటోలు పట్టుకుని పరిగెత్తాం. ఆమె రొట్టెల బుట్ట పట్టుకొచ్చింది. వారానికి సరిపడా కాల్చి పెట్టుకున్న ఎండు జొన్నరొట్టెలు. కింద గుడ్డ, పైన గుడ్డ, మధ్యలో రొట్టెలు. పిల్లలు ఆకలని ఏడుపందుకున్నాక ఆమె గుడ్డ విప్పింది. "ఎంతమందున్నామప్పా, లెక్కబెట్టు" అంది. ఎవరో లెక్కబెట్టారు. రొట్టెలు పదకొండు. ఆమె ఒక్కో రొట్టెను మోకాలి మీద పెట్టి మూడు ముక్కలు చేసింది, పెద్ద ముక్క పిల్లలకు. చీకట్లో ఆ రొట్టె విరిగే చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది, ఎండు పుల్ల విరిగినట్టు. చివర్లో ఆమె చేతిలో పొడి మిగిలింది. దాన్ని నోట్లో వేసుకుని, గుడ్డ దులిపి, మడిచి, నడుముకు చెక్కుకుంది.

అర్ధరాత్రి దాటాక ఒక కుర్రాడొచ్చాడు. లుంగీ కట్టుకుని, లారీ ట్యూబు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ. రెండిళ్ల అవతల పెంకుల కప్పు మీద చిక్కుకున్న వాళ్లను ఒక్కొక్కరినే మా మిద్దెకు చేర్చాడు. నాలుగు సార్లు తిరిగాడు. నాలుగోసారి వచ్చినప్పుడు అరచెయ్యి కోసుకుపోయి ఉంది. అవ్వ ఆ రొట్టెల గుడ్డ చింపి కట్టు కట్టింది. "యాడికి పోతావప్పా, పొద్దు పొడవనీ" అంది. అతను నవ్వి మళ్లీ ట్యూబెక్కాడు. తెల్లారాక ఎంత వెతికినా కనబడలేదు. అతని పేరు మా మిద్దె మీద ఒక్కరికీ తెలియదు.

నీ సినిమాల్లో వాళ్లు ముసుగు ఎందుకు వేసుకుంటారు బేటీ? శత్రువులు ఇంటివాళ్ల జోలికి రాకుండా అని కథలో కారణం చెప్తారు. నేను ఆ ముసుగు చూసినప్పుడల్లా వేరే మాట తలుచుకుంటాను. అల్లా నీడ తప్ప ఏ నీడా లేని రోజున ఆ నీడ దొరికే ఏడు రకాల మనుషుల గురించి బుఖారీ, ముస్లిం సేకరించిన హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల్లో, ఉంది కదా. అందులో ఒకరు, కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వని మనిషి. లారీ ట్యూబు కుర్రాడికి ముసుగు అక్కర్లేకపోయింది, చీకటే సరిపోయింది.

నేను ఆ రాత్రి గురించి చాలాకాలం రాయలేకపోయాను. ఆరేళ్ల తర్వాత రాసిన మొదటి కథంతా ఆ కుర్రాడే. కండలు, ఈత, ధైర్యం. చదువుకుంటే నాకే చప్పగా అనిపించింది. అవ్వ గుడ్డ మడిచి నడుముకు చెక్కుకోవడం అందులో లేదు. రెండోసారి ఆమె దగ్గర కూర్చుని రాశాను. ఆమె మోకాలి పక్కన నేను ఉన్నట్టు, రొట్టె పొడి నా మీద పడుతున్నట్టు. కుర్రాడు అందులో వచ్చి పోయేది ఒకటిన్నర పేజీ. అతను అప్పుడే పెద్దగా కనబడ్డాడు.

నీకు ఒక్క మాట చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను, అది ఇదే. హీరో ఎగిరిపోయినప్పుడు సినిమా కెమెరా అతని వెంట పోతుంది. దానికి వేరే దారి లేదు, మనం టికెట్టు కొన్నది అతని కోసం. నువ్వు మాత్రం పోవద్దు. దింపిన చోట, ఆ మనిషి దగ్గర ఉండిపో. తడి చీర ఎలా ఆరబెట్టుకుంది, మర్నాడు బురదలో ఏం వెతుక్కుంది, ఎవరి మీద కోప్పడింది, అది చూడు.

మనం ఏ పని మొదలుపెట్టినా అల్లాను రహ్మాన్, రహీమ్ అని తలుచుకుంటాం. ఆ పేర్లలో ఉన్న రహ్మత్‌ను తెలుగులో దయ, కరుణ అని రాస్తుంటారు. అరబీలో ఆ మాటకు, తల్లి గర్భానికి వాడే మాటకు మూలం ఒకటే. తెలుగులో దానికి బాగా దగ్గరగా వచ్చేది కడుపుతీపి అని నాకు అనిపిస్తుంది. జాలి దూరం నుంచి కూడా పడొచ్చు. కడుపుతీపికి దగ్గరితనం కావాలి. బాధలో ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు ఏ వాక్యం జాలితో వచ్చింది, ఏది కడుపుతీపితో వచ్చింది అని చూసుకో. మొదటి రకం కనబడితే కొట్టెయ్. నేనూ అదే చేస్తాను.

ఇంకో సంగతి. నీ కుర్రాడు గెలవాల్సిందేనని నీకెవరు చెప్పారు? మన ఊళ్లలో పీర్ల సావిడి దగ్గర పెరిగిన పిల్లవు నువ్వు. కులం మతం చూడకుండా అందరూ పీర్లను ఎత్తుకుంటారు, గుండం తొక్కుతారు, బెల్లం పానకం పంచుతారు. ఆ పానకం ఎందుకో చిన్నప్పుడు మా నానీని అడిగాను. కర్బలా యుద్ధంలో పిల్లలు దాహంతో ఏడుస్తుంటే ఇమామ్ హుసేన్ తమ్ముడు అబ్బాస్ తోలుసంచి తీసుకుని యూఫ్రటీస్ నదికి పోయాడు. నీళ్లు నింపాడు. తాను తాగలేదు. తిరిగొస్తుంటే ఒక చెయ్యి నరికారు, రెండో చెయ్యీ నరికారు. సంచిని పళ్లతో పట్టుకున్నాడు. బాణం తగిలి నీళ్లన్నీ ఇసుకలో పోయాయి. పిల్లలకు చుక్క కూడా చేరలేదు. పదమూడు వందల ఏళ్లు దాటింది. ఆయన చేర్చలేకపోయిన నీళ్లు మన సీమ పల్లెల్లో ఇంకా పంచుతున్నారు. నీ సూపర్‌హీరోల పక్కన ఆయన్నూ నిలబెట్టి చూడు. గాజాకు నువ్వు ఏమీ చేర్చలేకపోతున్నానని ఏడ్చావు కదా, ఆ ఏడుపుకు మన దగ్గర చాలా పాత తోడు ఉంది.

దగ్గరున్న దాహాన్ని కూడా చూడు. ఖరీఫ్ పనులు అయిపోగానే కోసిగి, ఆదోని వైపు నుంచి జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు మూటలు, వంట సామాన్లు, పిల్లల్ని వేసుకుని బండ్లెక్కుతారు. ముసలివాళ్లు ఇంటి కాపలాకు మిగిలిపోతారు. నువ్వు రోజూ కాలేజీకి పోయే దారే అది. ఒకసారి ఆగు. నోట్‌బుక్ తీయకుండా ముందు మూట పైకి అందించు. మాటలు వాళ్లే మొదలుపెడతారు. వాళ్లు వద్దంటే రాయకు. రాస్తే మన మాటలోనే రాయి. ఇంట్లో మీ అమ్మీతో సగం ఉర్దూ సగం తెలుగు ఎలా మాట్లాడతావో అలాగే, ఎవరికీ అర్థాలు చెప్పే పని పెట్టుకోకుండా.

సినిమాలు మానేయకు. ఈసారి పోయినప్పుడు మాత్రం హీరో దూకుతుంటే తెర మూలన పరిగెత్తే వాళ్లను చూడు. కూరగాయల సంచి పట్టుకున్న ఆవిడ, చెప్పు జారిపోయిన పిల్లవాడు. వాళ్లలో ఒకరిని ఎంచుకుని ఇంటికి తెచ్చుకో.

కథ తిరిగి పంపుతున్నాను. పెన్సిల్‌తో ఒక్క చోటే గీత పెట్టాను, అవ్వను బురుజు మీద దింపిన వాక్యం కింద. అక్కడి నుంచి మళ్లీ రాయి. ఆమె పేరేంటో, దింపేటప్పుడు ఆమె చేతిలో ఏముందో, దాన్ని ఎందుకు వదల్లేదో రాసి పంపు. తొందరేం లేదు, బక్రీద్‌కు మీ నాన్న ఎలాగూ ఇటొస్తాడు కదా, ఆయన చేతికిచ్చి పంపినా సరే.

దువాలతో,
నీ చాచా