తెలిసినవాళ్ల కేసులు: ఎప్పుడు వద్దనాలి, ఎలా తప్పుకోవాలి

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి రాసింది, బరంపురంలో లా ఫైనలియరట. "సార్, మా ఊళ్లోనే ప్రాక్టీసు పెడదామనుకుంటున్నా, ఇక్కడ అందరూ తెలిసినవాళ్లే. హత్య చేశానని క్లయింటు నాతోనే చెప్తే కేసు వదిలేయొచ్చా? ఇంగ్లండులో బారిస్టర్లు వచ్చిన కేసు కాదనకూడదట, మనకీ అంతేనా?" అని.

చూడు తల్లీ, మనకి కోర్టులో వాదించే బారిస్టరు, కాగితాల పని చూసే సొలిసిటరు అని తేడా లేదు, అందరం అడ్వకేట్లమే, కానీ రూలు దాదాపు అదే. వకీళ్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో క్లయింటు పట్ల బాధ్యతలని ఉంటాయి, 11 నుంచి 15 దాకా ఇవాళే చదువు. మనం ప్రాక్టీసు చేసే కోర్టులో, మన స్థాయికి తగ్గ ఫీజు ఇస్తానంటే కేసు తీసుకోవాల్సిందే, ప్రత్యేక కారణం ఉంటే తప్ప. ముద్దాయంటే నీకు అసహ్యం, అది కారణం కాదు. నీతో ఒప్పుకున్నా సరే, ప్రాసిక్యూషన్ రుజువు చేసిందా లేదా అని నిలదీయొచ్చు, దొంగసాక్ష్యం మాత్రం చెప్పించకూడదు, అదే కావాలని వాడు మొండికేస్తే తప్పుకో. ఫలానా వాడికి ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు, అంటే వకీళ్ల సంఘాలు, చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది.

నీకు అసలు చిక్కు చుట్టరికాలతో వస్తుంది. నేను రాయగడలో ప్రాక్టీసు చేసే రోజుల్లో గుణుపురం వైపు రైతు ఒకాయన, మా నాన్నకి బాగా కావాల్సినవాడు, దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకొచ్చాడు, గట్టు తగాదా, ఫీజు కూడా చేతిలో పెట్టేశాడు. చివరి పేజీ తిప్పితే సాక్షి సంతకం నాదే! చదువుకునే రోజుల్లో ఎవరో పిలిస్తే పెట్టేసి మర్చిపోయాను. రేపు నేనే బోనెక్కాలి కదా, సాక్షి అయ్యే కేసు తీసుకోకూడదని 13వ రూలు. డబ్బు తిరిగిచ్చి ఇంకో వకీలు దగ్గరికి పంపాను, ఆయన ముఖం చిన్నబోయింది, చాన్నాళ్లు మాట్లాడలేదు, నాకిప్పటికీ ఆ బాధ ఉంది.

ఒక పార్టీకి సలహా ఇచ్చాక అదే గొడవలో అవతలివాళ్లకి వాదించకూడదు, పెళ్లిలో భోజనాల దగ్గర కాగితాలు చూసి చెప్పిన మాటైనా సరే జాగ్రత్తగా ఉండు.

ఇక మధ్యలో తప్పుకోవాలంటే సరైన కారణం ఉండాలి, క్లయింటుకి ముందే నోటీసివ్వాలి, సివిల్ కేసైతే వకాలత్ (తన తరఫున వాదించమని క్లయింటు రాసిచ్చే కాగితం) రద్దుకి కోర్టు అనుమతి కూడా కావాలి, పని చెయ్యని ఫీజు వెనక్కివ్వాలి. బాకీ ఉన్నాడని ఫైలు ఆపకూడదు, 2000లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఎందుకు తప్పుకున్నావో బయట చెప్పొద్దు, వాడు నమ్మి చెప్పిన మాట కేసయ్యాక కూడా రహస్యమే.

మొదటి రోజునుంచే ఒక నోటుబుక్కు పెట్టుకో, వకాలత్ మీద సంతకం పెట్టకముందే రెండువైపులవాళ్ల ఇంటిపేరు, ఊరు అడిగి రాసుకో, అమ్మకి కూడా తెలియకుండా దాచుకో.