సొంత కారు గురించి, ఎదుటి కారు గురించి: చెల్లెమ్మకు ఒక ఉత్తరం

చెల్లెమ్మా,

నీ కారునీ మీ ఫ్రెండ్ కారునీ పోలుస్తూ నువ్వు రాసి పంపిన వ్యాసం డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను, రెండూ టాప్ దించుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లే. నీ హోండా ఎస్2000 అంటే నీకు ప్రాణం అని మొదటి పేరాలోనే తెలిసిపోయింది. అది దాచాల్సిన విషయం కాదు, అలాగే ఉంచు. కానీ రెండో పేరా నుంచి మీ ఫ్రెండ్ పోర్షే బాక్స్‌స్టర్ వచ్చేసరికి నీ గొంతు మారిపోయింది, అప్పటిదాకా సొంత కళ్లతో చూసి రాసిన అమ్మాయి ఒక్కసారిగా ఎక్కడో చదివిన మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఈ ఉత్తరం దాని గురించే. ఎస్2000తో ఆరేళ్లు ఉన్నాను, ఆ తర్వాత కొన్న 2.7 లీటర్ల పాత బాక్స్‌స్టర్‌తో ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తోంది, కాబట్టి ఏ పక్షం తీసుకోవాలన్నా నాకు మనసొప్పదు.

నువ్వు టేబుల్‌తో మొదలుపెట్టావు. హార్స్‌పవర్, టార్క్, బరువు, సున్నా నుంచి వంద. ఆ అంకెలన్నీ కరెక్టే, కానీ అవి ఎవరికైనా దొరుకుతాయి. వాటితో ఓనర్‌గా నువ్వేం చేయగలవో చూడు. నీ కారులో టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 208 న్యూటన్ మీటర్లు, అది కూడా 7500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. బాక్స్‌స్టర్ 2.7లో 260, అది 4750 దగ్గరే వచ్చేస్తుంది. నువ్వు 208, 260 అని రాసి వదిలేశావు. ఆ పక్కన ఆర్‌పీఎం లేకపోతే ఆ లైను చదివినవాడికి ఏమీ అందదు. ఇప్పుడు ఒక ఘాట్ రోడ్డు ఊహించుకో, ముందు లారీ పోతోంది, నువ్వు మూడో గేర్‌లో 3000 దగ్గర ఉన్నావు, ఎదురుగా కాస్త ఖాళీ కనిపించింది. బాక్స్‌స్టర్‌లో ఉన్నవాడు కాలు నొక్కితే చాలు, కారు ముందుకు జరిగిపోతుంది. నువ్వయితే రెండో గేర్‌కి దిగాలి, కొన్నిసార్లు అలా దిగినా 6000 దాటేదాకా ఓపిక పట్టాలి, ఆ తర్వాత మాత్రం సూది 9000 వైపు పరిగెడుతుంటే ఒళ్లంతా లేచి కూర్చుంటుంది. (సూది అన్నాను గానీ నీ కారులో సూది లేదు కదా, వంపు తిరిగిన ఆ డిజిటల్ గీత. దాన్ని వర్ణిస్తూ నువ్వు రాసిన వాక్యమే ఈ డ్రాఫ్ట్‌లో నాకు బాగా నచ్చింది, దాన్ని మాత్రం ముట్టుకోకు.) రెండిట్లో ఏది గొప్ప అన్నది ఇక్కడ తేలదు. రోజూ ఆఫీసుకి పోయేవాడికి ఒక జవాబు, ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు కోసమే కారు తీసేవాడికి ఇంకో జవాబు. ఆ ఇద్దరినీ మనసులో పెట్టుకుని రాస్తే ఆ రెండు అంకెలే ఒక పేజీ అవుతాయి.

టెస్ట్ డ్రైవ్ చేసి రాసేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది, వాళ్ల చేతికి కారు వచ్చేసరికే అది వేడెక్కి ఉంటుంది. ఓనర్‌గా నీకు చల్లటి కారు తెలుసు. పొద్దున్నే తాళం తిప్పి, ఎర్ర బటన్ నొక్కి, మొదటి పది నిమిషాలు ఎలా నడుపుతావో ఒక్క మాట కూడా రాయలేదేం? ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా ఆ పెద్ద క్యామ్ (6000 దగ్గర వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచి ఆ ఊపు ఇచ్చేది) అసలు పనిలోకి దిగదు, అంతవరకు నీ చేతిలో ఉన్నది ఒక మామూలు రెండు లీటర్ల కారు. గేర్ లివర్ కూడా మొదట్లో కాస్త బిగుతుగా ఉండి, తర్వాత తర్వాత వేళ్లతో తోస్తేనే పడిపోయేంత తేలికవుతుంది. ఆ మార్పు నీకు ఎంత అలవాటైపోయిందంటే అది రాయదగ్గ విషయమని కూడా నీకు తట్టలేదు. ఓనర్ దగ్గర ఉండే సరుకు చాలావరకు ఇలాంటిదే, అలవాటు కింద పూడిపోయి ఉంటుంది.

నా బాక్స్‌స్టర్ నుంచి ఒకటి చెప్తాను. నాది పాత మోడల్, వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, అద్దం 2003 మోడల్ నుంచి వచ్చింది. టాప్ దించేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, పైనున్న లాక్ తీసి, బటన్ నొక్కి పట్టుకుంటాను. సగం దిగాక ఆపేస్తాను. కారు దిగి వెనక్కి వెళ్లి, ఆ ప్లాస్టిక్ మడత పడే చోట అరచేతి అంచుతో మెల్లగా లోపలికి నొక్కుతాను, అది సాఫీగా వంగిందని చూసుకుని మళ్లీ వచ్చి బటన్ నొక్కుతాను. అలా చేయకపోతే ఒకే చోట గీత పడి, కొన్నాళ్లకు ఆ గీత తెల్లబడుతుంది. చలిగా ఉన్న రోజు అసలు దించను, ప్లాస్టిక్ గట్టిపడి ఉంటుంది కాబట్టి. పన్నెండు సెకన్లలో టాప్ దిగుతుందని ఎవరైనా రాస్తారు, నా కారుకి మాత్రం నిమిషం పైనే పడుతుంది. ఆ నిమిషం అంటే నాకు ఇష్టం. నీ కారులో అయితే రెండు లాచ్‌లు తీసి బటన్ నొక్కితే ఆరు సెకన్లలో ఆకాశం కనిపిస్తుంది, సిగ్నల్ దగ్గర కూడా దించేసుకోవచ్చు. ఈ తేడా గురించి నువ్వు మూడు మాటలే రాశావు, "రెండిటికీ సాఫ్ట్ టాప్" అని.

సీటు గురించి కూడా రాయి. ఎస్2000లో స్టీరింగ్ ఎటూ కదలదు, పైకీ కిందకీ రాదు, ముందుకీ వెనక్కీ జరగదు. నీ ఎత్తుకు అది అతికినట్టు సరిపోయింది, అందుకే నీకది లోపంగా కనిపించలేదు. మీ ఫ్రెండ్ ఆరడుగుల మనిషి అన్నావు, అతను నీ కారు దిగేటప్పుడు మోకాళ్లు ఎక్కడ తగిలాయో అడిగి రాసుకో. బాక్స్‌స్టర్‌లో స్టీరింగ్ దగ్గరికీ దూరానికీ జరుగుతుంది, ఎత్తు మాత్రం మారదు. నీకు సరిపోయింది కాబట్టి కారు బాగుందనుకోవడం ఓనర్లందరం చేసే పొరపాటే.

ఇక మలుపుల సంగతి. నా కొడుకు లాంటి కుర్రాళ్లు రాసే పోలికల్లో కూడా ఇక్కడికి రాగానే "హ్యాండ్లింగ్ అదిరింది" అని తేల్చేస్తారు. నీ కారు ఇంజిన్ ముందు చక్రాల ఇరుసుకి వెనకగా కూర్చుని ఉంటుంది, బరువు ముందూ వెనకా ఇంచుమించు సగం సగం. బాక్స్‌స్టర్ ఇంజిన్ నీ వీపు వెనక, వెనక చక్రాల ముందు. రెండూ చురుగ్గా తిరుగుతాయి, కానీ చేతికి తెలిసే తీరు వేరు. ఎస్2000 స్టీరింగ్‌కి సాయం చేసేది ఎలక్ట్రిక్ మోటార్, ముక్కు వెంటనే తిరుగుతుంది గానీ రోడ్డు ఎలా ఉందో అరచేతులకు అంతగా చెప్పదు. బాక్స్‌స్టర్‌ది హైడ్రాలిక్, తడి ప్యాచ్ మీదికి వెళ్లగానే స్టీరింగ్ ఒక్కసారి తేలికవుతుంది, నీకు కబురు అందుతుంది. ఇది నీ కారు మీద ప్రేమ ఉన్నంత మాత్రాన మారే విషయం కాదు, ఒప్పుకుని రాయి. అలాగే తొలి ఎస్2000లు తోక విసిరే గుణం ఉన్నవని అందరికీ తెలుసు, 2004 మోడల్‌కి వెనక సస్పెన్షన్ సర్ది, 17 అంగుళాల చక్రాలు వేసి దాన్ని మెత్తబరిచారు.

నా ఎస్2000 రోజుల నాటి విషయం ఒకటి చెప్తాను. వాన వెలిసిన సాయంత్రం, ఇంటి నుంచి బయల్దేరి ఐదు నిమిషాలు కూడా కాలేదు, టైర్లు చల్లగా ఉన్నాయి. మలుపు అనుకున్నదానికంటే ఎక్కువ బిగుసుకుంటోందని అనిపించి, మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు టక్కున తీసేశాను. బరువంతా ముందుకు వాలింది, వెనక తేలికైపోయింది, నేను స్టీరింగ్ తిప్పేలోపే కారు ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఆగింది. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. తప్పు నూటికి నూరు పాళ్లూ నాదే. చాలాకాలం దీని గురించి ఎక్కడా రాయలేదు, రాస్తే నా కారుకి చెడ్డపేరు వస్తుందనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, పాత ఎస్2000 కొనబోతున్న ఏ కుర్రాడికైనా నేను రాసిన వాటన్నిటిలో అది ఒక్కటే పనికొచ్చేది. నీకూ అలాంటి సాయంత్రం ఒకటి ఉండే ఉంటుంది. ఉంటే రాయి.

నీ డ్రాఫ్ట్‌లో నన్ను నిజంగా బాధపెట్టిన వాక్యం "బాక్స్‌స్టర్ ఇంజిన్ ఎప్పుడు పేలుతుందో తెలియని బాంబు" అన్నది. నువ్వు చెప్తున్నది ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ గురించి, అంటే ఇంజిన్ లోపల క్యామ్‌షాఫ్ట్‌లను తిప్పే షాఫ్ట్‌కి ఆసరాగా ఉండే బేరింగ్. ఆ సమస్య నిజమే. ఆ కాలపు ఇంజిన్లలో, క్లచ్ వైపున్న ఆ బేరింగ్ పాడైతే ఇంజిన్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. అయితే ఓనర్లు దీనికి ఏం చేస్తారో కూడా రాయాలి కదా. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దించుతారు, చేయి అక్కడిదాకా వెళ్తుంది కాబట్టి అప్పుడే ఆ బేరింగ్ కూడా మార్పించుకుంటారు. నేనూ అదే చేశాను. ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్‌లో లోహపు తునకలు ఉన్నాయేమో చూపించమని మెకానిక్‌ని అడుగుతాను. మరి నీ కారు? తొలి ఎస్2000 ఇంజిన్లు గట్టిగా తిప్పితే ఆయిల్ తాగుతాయని తెలిసే కదా, పెట్రోల్ కొట్టించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూస్తావు. దాన్ని నువ్వు "చిన్న అలవాటు" అన్నావు, అవతలి కారు సంగతి వచ్చేసరికి "బాంబు" అన్నావు. రెండు కార్ల జబ్బులూ ఒకే గొంతుతో చెప్పు, అప్పుడే చదివేవాడు నిన్ను నమ్ముతాడు.

ఇంకొకటి, బాక్స్‌స్టర్‌లో ఇంజిన్ కనపడదు. ముందు బానెట్ ఎత్తితే డిక్కీ, వెనక ఎత్తితే ఇంకో డిక్కీ, అందులో ఒక మూలకి ఆయిల్ పోసే మూత, కూలెంట్ మూత, డిప్‌స్టిక్, అంతే. తొమ్మిదేళ్లలో నా ఇంజిన్‌ని నేను సరిగ్గా చూసింది లిఫ్ట్ కింద నిలబడే. నీ కారు బానెట్ ఎత్తితే ఎర్రటి కవర్‌తో ఇంజిన్ ఎదురుగా నిలువుగా కూర్చుని ఉంటుంది, చుట్టూ చేయి పట్టేంత ఖాళీ. సొంతంగా పని చేసుకునేవాళ్లకి ఇది ఎంత పెద్ద తేడానో, రెండు డిక్కీలు ఉండటం నాలుగు రోజుల ప్రయాణానికి ఎంత సుఖమో, రెండూ రాయొచ్చు.

మోడల్ సంవత్సరాలు తప్పకుండా వేయి. బాక్స్‌స్టర్ అంటే ఏ బాక్స్‌స్టర్? 1996లో వచ్చిన 2.5కి 204 హార్స్‌పవర్, 2000 మోడల్ నుంచి వచ్చిన 2.7కి 220, 3.2 లీటర్ల బాక్స్‌స్టర్ ఎస్ మోడల్‌కి 252. టైర్ల వయసు కూడా రాయి, కొత్త టైర్లున్న కారుని ఆరేళ్ల నాటి గట్టి టైర్లున్న కారుతో పోల్చి గ్రిప్ గురించి మాట్లాడితే నువ్వు పోల్చింది టైర్లనే.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని చెప్తాను. మీ ఫ్రెండ్‌తో మాట్లాడి, ఇన్సూరెన్స్ ఇద్దరికీ వర్తించేలా చూసుకుని, ఒక వారం కీస్ మార్చుకోండి. అరగంట సరిపోదు. నేను ఎస్2000 రోజుల్లో ఒకరి బాక్స్‌స్టర్‌ని అరగంట నడిపి, "మెత్తటి కారు, మనసు లేని కారు" అని రాసిపారేశాను. ఆ అరగంట నేను దాన్ని ఎస్2000లాగే నడిపాను, 6000 దాటాక ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ. అసలు ఆ కారు బతికేది 3000కీ 5500కీ మధ్యలో, నేను అక్కడ ఆగనే లేదు. అది తెలియడానికి నాకు సొంతంగా కొనుక్కోవాల్సి వచ్చింది. మొదటి రెండు రోజులు నీ చేతులు పాత కారునే వెతుకుతాయి, ఆ రెండు రోజులు ఏమీ తీర్పు చెప్పకు, జరిగింది మాత్రం ఒక నోట్‌బుక్‌లో రాసుకో. మూడో రోజు నుంచి నువ్వు రోజూ తిరిగే దారిలోనే, రోజూ వెళ్లే వేగంతోనే నడుపు. ఈలోపు ఎవరి రివ్యూలూ చదవకు, వీడియోలు చూడకు. "రాకెట్‌లా", "మతిపోయింది", "వేరే లెవెల్" లాంటి మాటలు వస్తే కొట్టేసి, ఆ క్షణంలో చెవికి ఏం వినిపించిందో, నడుముకి ఏం తెలిసిందో రాయి.

చివర్లో "రెండూ గొప్ప కార్లే, ఎవరి అభిరుచి వాళ్లది" అని ముగించావు. అది తీసేయ్. ఇంతదూరం నీతో వచ్చిన పాఠకుడికి నువ్వు ఏది ఉంచుకుంటావో, ఎందుకో చెప్పు, తర్వాత అతను ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. నన్నడిగితే, పాతికేళ్ల వయసులో మళ్లీ ఒక్క కారే అంటే ఎస్2000 తీసుకుంటాను, ఆ ఇంజిన్ నాకు గేర్లు వేయడం నేర్పింది. ఈ వయసులో బాక్స్‌స్టర్, చీకటి పడ్డాక టాప్ దించి నాలుగో గేర్‌లో నెమ్మదిగా పోతుంటే వీపు వెనక ఆ ఆరు సిలిండర్ల శబ్దం చాలు. నీ జవాబు నా జవాబులా ఉండాలని లేదు.

వారం అయ్యాక మొత్తం వ్యాసం పంపకు. మూడో రోజు పొద్దున ఆ కారు స్టార్ట్ చేసినప్పటి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా జరిగింది ఒక్క పేరా రాసి పంపు, దాన్ని చూసి మిగతాది మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అన్నయ్య