గ్రూపులో దొంగ అన్నాడు, కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా సిరొంచ. కిరాణా కొట్టు నడుపుత. పోయినేడు మా గల్లీ వినాయక మండలి చందాల లెక్క నేనే చూసిన. 150 మంది దాకా ఉన్న మా వాట్సాప్ గ్రూపుల, గోదావరి అవతల కాళేశ్వరం దిక్కు ఉండే మా చుట్టమొకాయన నా మీద వాయిస్ పెట్టిండు. చందా పైసలు మింగిన్నన్నడు. నేనూ ఒక వాయిస్ పెట్టి గ్రూపుల నుంచి ఎల్లిపోయిన. ఠాణాకు పోతే ఎన్‌సీ (పోలీసులు సొంతంగ కేసు కట్టలేని నేరమని నమోదు) రాసి, కాయితం చేతుల పెట్టి, కోర్టుకు పొమ్మన్నరు. ఆయన మీద 66ఏ కేసు, మెసేజ్ తియ్యని అడ్మిన్ మీద ఇంకో కేసు పెడదామని ఉంది. అడ్మిన్ మా బావమరిదే. పెట్టొచ్చునా?

జవాబు: ముందు 66ఏ సంగతి మరిచిపోండి. నొప్పించే మెసేజ్‌లు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. చట్టంలో చచ్చిపోయినా జనం నోట్లో అది ఇంకా బతికే ఉంది.

మీరు పంపిన క్లిప్ రెండుసార్లు విన్నాను. 48 సెకన్లు. వెనకాల కుక్కర్ కూతలు. మొదటి అరనిమిషమంతా తిట్లే: సన్నాసి, సిగ్గులేనోడు, ఇంకా రెండు మూడు నేనిక్కడ రాయలేనివి. వాటిని పట్టుకుని కోర్టుకు పోవద్దు. కోపంలో అన్న తిట్టు వేరు, పరువు తీసే నింద వేరు. మీకు పనికొచ్చేది చివరి మాట: ‘చందాల 40 వేలు మింగి కొట్లకు ఫ్రిజ్ తెచ్చుకున్నడు’. ఇందులో ఎంత సొమ్మో ఉంది, చేసిన పని ఉంది, కొన్న వస్తువు కూడా ఉంది. అబద్ధమైతే, నలుగురిలో మీ పేరు చెడగొట్టాలని గానీ, చెడుతుందని తెలిసి గానీ అన్నాడని తేలితే, ఇది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్ కింద పరువు నష్టం. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజసేవ శిక్ష కూడా వేయొచ్చు. ఇదే మాట మీ ఒక్కరికే విడిగా పంపి ఉంటే పరువు నష్టం కింద కేసే లేదు, మూడోవాడు వినలేదు కనుక.

ఆయన ‘లెక్క చూపించు’ అని మాత్రమే అడిగి ఉంటే నేను మీ పక్షాన నిలబడేవాణ్ణి కాదు. మండలి డబ్బు పదిమందిది, అడిగే హక్కు చందా ఇచ్చిన ప్రతివాడికీ ఉంది.

ఠాణాలో మిమ్మల్ని తిప్పి పంపలేదు. పరువు నష్టం పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. బాధితుడే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేసుకోవాలి. గడువు మూడేళ్లు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత, 223వ సెక్షన్ ప్రకారం, కేసు తీసుకునే ముందే మేజిస్ట్రేట్ ఎదుటివాడికీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పైగా ఆయన ఉండేది నది అవతల, మీ కోర్టు పరిధి బయట. సమన్లు పంపేముందు విచారణ జరపాలని అదే చట్టం 225వ సెక్షన్ చెబుతోంది. అంటే నెలలు పడుతుంది. పరిహారం కోసం సివిల్ దావా వేస్తారా, దానికి ఏడాదే గడువు, అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు.

బావమరిదిని వదిలేయండి. ఇంట్లో పోరు పక్కనపెట్టినా, చట్టం కూడా మీకు తోడు రాదు. గోందియా జిల్లా నుంచి ఇలాంటి కేసే వచ్చింది: గ్రూపులో ఒకతను ఒక మహిళను తిడితే అడ్మిన్ అతణ్ణి తీసెయ్యలేదు, క్షమాపణా చెప్పించలేదు. బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో అడ్మిన్ మీద కేసు కొట్టేసింది. ఇద్దరూ కూడబలుక్కుని చేశారని ఉంటే తప్ప, ఎవరో పెట్టినదానికి అడ్మిన్ జవాబుదారీ కాదంది. మీ జిల్లా కూడా ఆ బెంచ్ కిందికే వస్తుంది.

ఇక ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేసిన మీ వాయిస్. అందులో ఏమన్నారో మీరు రాయలేదు, దాన్నిబట్టే నాకు అర్థమైంది. అవతలివాళ్ల వకీలు మొదట వినిపించేది దాన్నే. గొడవకు రెచ్చగొట్టే తిట్టయితే న్యాయ సంహిత 352వ సెక్షన్ మీ మెడకే చుట్టుకోవచ్చు. దాన్ని చెరిపేయాలనుకోకండి, అది ఈపాటికి 150 ఫోన్లలో ఉంది. గ్రూపు నుంచి బయటికొచ్చినా మీ ఫోన్‌లో చాట్ ఉంటుంది. గ్రూపును డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు, రీసెట్ అసలే వద్దు. కోర్టులో ఆ క్లిప్ నిలవాలంటే సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి: ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హాష్ విలువ (ఫైల్‌ను ఎవరూ మార్చలేదని చూపే అంకెలు, అక్షరాల వరుస) రాయాలి. తెలుగు మాటలను రాయించి మరాఠీలోకి తర్జుమా చేయించడం ఇంకో పని. ‘మింగిండు’ను ‘తిన్నాడు’ అని తేలికచేసే అనువాదకుల దగ్గర జాగ్రత్త.

నేనైతే ముందు ఆయనకు వకీలు నోటీసు పంపుతాను. ఏ గ్రూపులో అన్నాడో ఆ గ్రూపులోనే, తన గొంతుతోనే ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుతాను. ఇది రాజీ పడదగ్గ నేరం, ఫిర్యాదు వేశాక కూడా ఆ దారి మూసుకుపోదు. నోటీసుతోపాటు చందా పుస్తకం, ఖర్చుల రశీదుల జిరాక్సులు పంపండి. ఆ ఫ్రిజ్ బిల్లు ఎక్కడుందో ఇవాళే వెతకండి. ఈఎంఐ మీద కొని ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు.