ఈ-సిగరెట్ అలవాటు ఏ వయసులో, ఎందుకు మొదలవుతుంది?

చాలామందికి ఇది టీనేజ్ చివర్లోనో 20 దాటిన కొత్తలోనో, స్నేహితుడి చేతిలోది ఒక్కసారి పీల్చి చూడటంతో మొదలవుతుంది. మామిడి, పుదీనా లాంటి రుచులు, బట్టలకు పెద్దగా అంటని వాసన, "సిగరెట్ కంటే నయం" అన్న నమ్మకం కలిసి జంకు పోగొడతాయి. ఆ తర్వాత పనంతా నికోటిన్‌దే. ఈ-సిగరెట్లో వేడిచేసి పీల్చే చాలా ద్రవాల్లో వాడే నికోటిన్ లవణం గొంతులో అంతగా మంట పుట్టించదు, అందుకే కొత్తవాళ్లు కూడా దగ్గకుండా ఎక్కువ మోతాదు పీల్చేస్తారు. పైగా సిగరెట్ కాలి అయిపోతుంది, దీనికి ఆ హద్దు లేదు. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది కనుక ఈ వయసులో వ్యసనం తొందరగా పట్టుకుంటుంది.

పలమనేరు నుంచి తిరుపతి వచ్చి హాస్టల్లో చేరిన కుర్రాడిని ఊహించుకోండి. పరీక్షల రాత్రి రూమ్మేట్ ఇస్తే రెండు దమ్ములు లాగాడు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం 2 మిల్లీలీటర్లున్నా, అందులో నికోటిన్ 100 మిల్లీగ్రాములు! కొన్నాళ్లకు అది లేకపోతే చిరాకు. పీలిస్తే టెన్షన్ తగ్గిందనుకుంటాడు, నిజానికి తగ్గింది నికోటిన్ అందని బాధ.

ఈ-సిగరెట్ నుంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరి అనేది పెద్ద అపోహ. ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి రసాయనాలు వేడెక్కి ఏర్పడే సన్నటి తుంపర అది. మన దేశంలో 2019 చట్టం ప్రకారం అమ్మకం, నిల్వ, ప్రకటన నేరం. కాబట్టి ఇక్కడ అమ్మేదంతా దొంగసరుకే, డబ్బా మీది అంకెల్నీ నమ్మలేం.