వానొస్తే స్కోరు బుక్కు ముందర ఎట్ల కూర్చోవాలంటే

అల్లుడూ,

ఆదివారం మ్యాచ్‌కు నిన్ను స్కోరర్‌గా కూర్చోబెడతాండారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అనంతపురంలో వాన లెక్కేందని నవ్వొద్దు. సేద్యానికి రాని వాన మ్యాచ్‌కు మాత్రం వస్తాదప్పా.

ముందు రన్‌రేట్‌ను మర్చిపో. మొదట ఆడినోళ్లు 50 ఓవర్లలో 250 కొట్టినారు, వాన పడి రెండో జట్టుకు 30 ఓవర్లే ఇచ్చినారు అనుకో. ఓవర్‌కు ఐదు లెక్కన 151 చాలంటారు చెట్టు కింద కూర్చున్నోళ్లు. పది వికెట్లు చేతిలో పెట్టుకొని 30 ఓవర్లే ఆడేటోడు మొదటి బంతి నుంచే బాదడా? అందుకే వాన పడిన మ్యాచ్‌కు టార్గెట్ తేల్చే డక్‌వర్త్-లూయిస్ పట్టికలో (మిగిలిన ఓవర్లు, వికెట్లు కలిపి ఎంత బలమో శాతంలో చెప్తాది) దానికి 75.1 శాతం ఉంటాది. 250లో అంత భాగమంటే 187.75. టార్గెట్ 188.

అసలు కత వికెట్లదే. అదే 250 వెంట పూర్తి 50 ఓవర్లకని దిగి, 30 ఓవర్లు ఆడినాక వాన పడి మ్యాచ్ ఆగిపోయిందనుకో. రెండు వికెట్లే పోయుంటే ఆ బలంలో 52.4 శాతం వాడకుండా మిగిలినట్టు, వాడింది 47.6 శాతం. 250లో అంత భాగం 119. 119 కొట్టుంటే టై, 120 ఉంటే గెలుపు. నాలుగు పోయుంటే మిగిలింది 44.6 శాతమే, గెలవాలంటే 139 ఉండాల. కాబట్టి వికెట్ పడిన ఆ క్షణమే పట్టికలో పక్క గడికి జరుగు. ఓవర్ అయినాక చూద్దాంలే అనుకుంటే ఆలోపే మబ్బు దిగుతాది.

ఎవరన్నా అడిగితే ‘గెలవడానికి ఇంత’ అనే ఒక్క అంకెనే చెప్పు. 2003 ప్రపంచ కప్పులో డర్బన్‌లో వాన మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా బ్యాటర్ బౌచర్ జట్టు స్కోరు 229 చేరితే గెలిచినట్టే అనుకొని చివరి బంతిని ఊరికే ఆపినాడు. 229 టై అంకె. దక్షిణాఫ్రికా సొంతగడ్డ మీదే ఇంటిదారి పట్టింది. ఒకసారి నేనూ ఒక కెప్టెన్‌కు టై అంకె చెప్పి, ఆ ఊరోళ్లతో ఏడాది పొడుగునా మాటలు పడినా.

మొదటి ఇన్నింగ్స్‌ మధ్యలో వాన పడితే టార్గెట్ వాళ్లు కొట్టినదానికన్నా పెరగొచ్చు. తిడతారు, పట్టిక చూపించు. టీవీలో వచ్చేది కంప్యూటర్ లెక్క, దాంతో పోల్చుకొని కంగారు పడొద్దు. కనీసం ఎన్ని ఓవర్లు పడితే ఫలితం తేలుస్తారో టాస్‌కు ముందే అంపైర్‌ను అడుగు.

పట్టిక రెండు జిరాక్సులు తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకో. నాది మొదటి మ్యాచ్‌లోనే వానకు తడిసి ముద్దయింది.

మీ మామ