ఫైటర్ పైలట్లకు డాక్టర్‌గా వెళ్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది నెల్లూరు. పన్నెండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ చదువుతోంది. మా అన్నయ్య కూతురు అమెరికాలోనే పుట్టి పెరిగింది. అక్కడి ఎయిర్‌ఫోర్స్‌లో డాక్టర్‌గా చేరి, కొన్ని నెలలుగా జపాన్‌లోని మిసావాలో ఒక ఎఫ్-16 ఫైటర్ విమానాల దళంతో (స్క్వాడ్రన్) ఉంటోంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి అక్కడి సంగతులన్నీ చెబుతుంటే, మా అమ్మాయికి పీజీ కోచింగ్ మీద ధ్యాస తగ్గింది. తనూ అదే చేస్తానంటోంది. కానీ మా మేనకోడలే ఇంకో మాట చెప్పింది: మొదటి నెలంతా క్లినిక్‌లో కూర్చున్నా పైలట్లెవరూ రాలేదట. పనే లేని చోట ఎంబీబీఎస్ చదివిన పిల్ల ఏం నేర్చుకుంటుంది? మావారు చేరనీ అంటున్నారు. నాకేమో టెన్షన్. అసలు మా అమ్మాయి అలా వెళ్ళగలదా? పీజీ సంగతేంటి? తనకి కళ్ళద్దాలు కూడా ఉన్నాయి. 

జవాబు: అమ్మా, మీ మేనకోడలు వెళ్ళిన దారి మీ అమ్మాయికి లేదు. అమెరికా సైన్యంలో డాక్టర్‌గా కమిషన్ (ఆఫీసర్ హోదా) రావాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ఇక్కడి ఎంబీబీఎస్‌తో అక్కడికి వెళ్ళి, పరీక్షలు రాసి, రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) చేసి, గ్రీన్ కార్డు, ఆ పైన పౌరసత్వం అంటే చాలా ఏళ్ళ మాట. ఆ ఆశ పెట్టుకోవద్దని మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పేయండి. అదే పని మన వాయుసేనలో ఉంది. దానికి చదువు చెప్పే సంస్థ మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు మీ భయం గురించి. మొదటి నెల పైలట్లు క్లినిక్‌కి రాలేదంటే పని లేదని మీరు అర్థం చేసుకున్నారు. నాకు మాత్రం ఆ ఉద్యోగంలోని అసలు కష్టం అక్కడే కనిపించింది. మామూలు రోగి ఒంట్లో బాగోక, నయమవుతుందని డాక్టర్ దగ్గరికి వస్తాడు. ఫైటర్ పైలట్ ఆరోగ్యంగానే ఉంటాడు. డాక్టర్ గది గుమ్మం తొక్కితే తన దగ్గర ఉన్నది పోతుందేమోనని అతని భయం. ఎగరడానికి ఫిట్ అని, కాదని సంతకం పెట్టేది డాక్టరే కదా. అందుకని మెడ నొప్పి ఉన్నా, నాలుగు రోజులుగా నిద్ర పట్టకపోయినా, ఇంట్లో గొడవలతో మనసు బాగోకపోయినా దాచుకుంటాడు. కొత్తగా వచ్చిన డాక్టర్ దగ్గర ఇంకా ఎక్కువ దాచుకుంటాడు.

జలుబునే తీసుకోండి. మన ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే ఆవిరి పట్టించి, ఒక మాత్ర ఇచ్చి ఆఫీసుకి పంపేస్తాం. ఫైటర్ పైలట్ విషయంలో అలా కుదరదు. విమానం పైకి వెళ్ళేటప్పుడు చెవి లోపలి గాలి ఎలాగో బయటికి వచ్చేస్తుంది. కిందికి దిగేటప్పుడే ఇబ్బంది. ముక్కు వెనక నుంచి చెవిలోకి వెళ్ళే సన్నని గొట్టం జలుబుతో పూడుకుపోతే, బయట పెరిగే ఒత్తిడికి లోపలి ఒత్తిడి సమానం కాదు. ఫైటర్ విమానం ఒక్క నిమిషంలో వేల అడుగులు దిగగలదు. ఆ నొప్పికి కళ్ళు బైర్లు కమ్ముతాయి, కర్ణభేరి చిరగనూ వచ్చు. పోనీ మాత్ర వేసుకుందామంటే, జలుబు మాత్రల్లో చాలావాటికి నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి ఆ పైలట్‌ని కొన్ని రోజులు నేల మీదే ఉంచాలి. అతనేమో ఎల్లుండి జరిగే పెద్ద యుద్ధ విన్యాసం (ఎక్సర్‌సైజ్) కోసం నెలల తరబడి తయారై ఉంటాడు. ఇప్పుడు చెప్పండి, అతను డాక్టర్ దగ్గరికి తనంతట తను వస్తాడా?

రావాలంటే డాక్టరే వాళ్ళ మధ్యకి వెళ్ళాలి. మీ మేనకోడలు రెండో నెల నుంచి ఏం చేస్తోందో అడిగి చూడండి. పొద్దున్నే బ్రీఫింగ్‌లో వెనక వరుసలో కూర్చుంటోందనీ, క్రూ రూమ్‌లో కాఫీ తాగుతోందనీ, రాత్రి ఫ్లయింగ్ అయ్యేదాకా అక్కడే ఉంటోందనీ చెబుతుందని నా నమ్మకం. అమెరికా వాయుసేనలో ఫ్లైట్ సర్జన్ (పైలట్ల డాక్టర్‌ని అక్కడ అలా అంటారు) నెలకి కొన్ని గంటలు విమానంలో ఎగరడం కూడా డ్యూటీలో భాగమే. ఎఫ్-16లో రెండు సీట్ల రకం ఉంటుంది. ఆ వెనక సీట్లో కూర్చుని వచ్చిన డాక్టర్‌తో పైలట్ మాట్లాడే తీరు మారిపోతుంది.

ఆ సీట్లో ఏమవుతుందో మీ అమ్మాయి తెలుసుకోవాలి. విమానం గట్టిగా మలుపు తిరిగితే ఒంటి బరువు తొమ్మిది రెట్ల దాకా పెరుగుతుంది. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోలనుకుంటే, మెడ మోసే బరువు 54 కిలోలు. రక్తం కాళ్ళ వైపు దిగిపోతుంది. ముందు రంగులు వెలిసిపోతాయి, తరవాత చూపు సన్నని గొట్టంలోంచి చూస్తున్నట్టు కుంచించుకుపోతుంది, ఆ తరవాత స్పృహ తప్పుతుంది. పది పదిహేను సెకన్లలో స్పృహ వచ్చినా, ఎక్కడున్నాడో తెలియడానికి ఇంకొన్ని సెకన్లు పడుతుంది. విమానం ఆ లోపల ఎంత దూరం పోతుందో లెక్క వేసుకోండి. దీన్ని ఆపడానికి కాళ్ళని, పొట్టని బిగించే జి-సూట్ ఉంటుంది. కాళ్ళ కండరాలు బిగబట్టి, ఊపిరిని లెక్క ప్రకారం వదిలే పద్ధతి నేర్పుతారు. ముందు రోజు నిద్ర లేకపోయినా, నీళ్ళు సరిగ్గా తాగకపోయినా ఈ బిగింపు సరిగ్గా పనిచేయదు. మామూలు ఓపీలో ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని మాటవరసకి అడుగుతారు. ఇక్కడ అదే పెద్ద ప్రశ్న.

పైలట్లే కాదు, కింద పనిచేసే సాంకేతిక సిబ్బంది ఆరోగ్యం కూడా ఆ డాక్టర్ బాధ్యతే. ఎఫ్-16లో అత్యవసర కరెంటు కోసం హైడ్రజీన్ అనే విష రసాయనంతో నడిచే యూనిట్ ఉంటుంది. గాల్లో ఇంజన్ ఇబ్బంది పెట్టి ఆ యూనిట్ పనిచేసిందంటే, విమానం దిగిన తరవాత గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ దాని దగ్గరికి వెళ్తారు. అంబులెన్స్‌తో పాటు డాక్టర్ రన్‌వే పక్కన సిద్ధంగా ఉండాలి. ప్రమాదం జరిగితే దర్యాప్తు బృందంలో డాక్టర్ ఒక సభ్యుడు. ఆ పైలట్ అంతకు ముందు 72 గంటలు ఏం తిన్నాడు, ఎంత నిద్రపోయాడు, ఎవరితో మాట్లాడాడు అన్నది ఆరా తీయాల్సింది ఆ డాక్టరే. నిన్న మొన్నటిదాకా తనతో కాఫీ తాగిన మనిషి గురించి ఈ ఆరా తీయాల్సి రావచ్చు. ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి, ఆదివారం ఫోన్ కబుర్లలో ఇది రాదు.

ఇక మన దేశం సంగతి. మారతహళ్ళి బ్రిడ్జి నుంచి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో దొమ్మలూరు వైపు వెళ్తుంటే దారిలో విమానపుర వస్తుంది. అక్కడే వాయుసేన వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. 1957లో స్కూల్ ఆఫ్ ఏవియేషన్ మెడిసిన్‌గా మొదలైంది. మనిషిని గిరగిరా తిప్పి ఆ తొమ్మిది రెట్ల బరువు రుచి చూపించే సెంట్రిఫ్యూజ్ అక్కడ ఉంది. గగన్‌యాన్ వ్యోమగాముల ఎంపిక పరీక్షలు జరిగిందీ అక్కడే. రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఏరోస్పేస్ మెడిసిన్‌లో మూడేళ్ళ ఎండీ కూడా ఉంది.

ఆల్టిట్యూడ్ ఛాంబర్‌లో ఇచ్చే శిక్షణ ఒకటి చెప్తాను. మూసిన గదిలో గాలి తీసేస్తూ 25,000 అడుగుల ఎత్తుని సృష్టిస్తారు. మాస్క్ తీసి, కాగితం ఇచ్చి, పేరు రాయమంటారు, తీసివేత లెక్కలు చేయమంటారు. మొదటి వరుస ముత్యాల్లా ఉంటుంది. తరవాత అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, లెక్కలు తప్పుతాయి, ఒకే అంకె మళ్ళీ మళ్ళీ రాస్తారు. రాసేవాళ్ళ ముఖంలో మాత్రం కంగారు ఉండదు, బ్రహ్మాండంగా చేస్తున్నామనుకుంటారు. ఆ ఎత్తులో మనిషి పనికొచ్చే స్పృహతో ఉండేది మూడు నుంచి అయిదు నిమిషాలే. మాస్క్ పెట్టి, తరవాత ఆ కాగితం చూపిస్తే నమ్మలేకపోతారు. తనకేమీ కాలేదని గట్టిగా చెప్పే మనిషి మాటని ఎంతవరకు నమ్మాలో డాక్టర్‌కి ఆ కాగితమే నేర్పుతుంది.

చేరే పద్ధతి ఇదీ. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఆర్మీ మెడికల్ కోర్‌లో షార్ట్ సర్వీస్ కమిషన్‌కి దరఖాస్తు చేయాలి. ఎంబీబీఎస్ వారికి వయసు 30 లోపు ఉండాలి. సైన్యంలో ఆఫీసర్లని ఎంచుకోవడానికి పెట్టే ఎస్‌ఎస్‌బీ పరీక్షలు ఉండవు. ఢిల్లీలో ఇంటర్వ్యూ, ఆ తరవాత మెడికల్ బోర్డు. మహిళలకు ఖాళీలు పురుషుల కన్నా తక్కువ కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. మొదట అయిదేళ్ళు, ఇష్టముంటే, వాళ్ళు ఒప్పుకుంటే, 14 ఏళ్ళ దాకా పొడిగింపు. కెప్టెన్ హోదాతో చేరతారు. వాయుసేనకి పంపితే అదే ఫ్లైట్ లెఫ్టినెంట్. మూల వేతనం 61,300 రూపాయలతో మొదలవుతుంది, దాని మీద 15,500 మిలిటరీ సర్వీస్ పే, ప్రైవేట్ ప్రాక్టీస్ చేయనందుకు డాక్టర్లకిచ్చే నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్స్, డీఏ కలుస్తాయి. ముందు లక్నోలో శిక్షణ ఇస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడింటికీ డాక్టర్లని ఇచ్చేది ఈ ఎంపికే. ఇష్టం అడుగుతారు కానీ హామీ ఇవ్వరు. ఫైటర్ స్క్వాడ్రన్ కోసం చేరిన అమ్మాయి లద్దాఖ్‌లో పదాతి దళంతో ఉండొచ్చు, కొచ్చిలో నౌకాదళం ఆసుపత్రిలో ఉండొచ్చు. అలా పంపినా సంతోషంగా వెళ్తానంటేనే దరఖాస్తు చేయాలి. యుద్ధం వస్తే? పంపిన చోటికి వెళ్ళాలి. ఆ సంగతి మీ ఇంట్లో ముగ్గురూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. మన స్క్వాడ్రన్లు కూడా విదేశాలకి వెళ్తాయి. 2024 జూన్‌లో మన రఫేల్ విమానాలు రెడ్ ఫ్లాగ్ ఎక్సర్‌సైజ్‌కి అలాస్కా దాకా వెళ్ళొచ్చాయి. కానీ మీ మేనకోడలిలా విదేశంలో స్థిరంగా ఉండే పోస్టింగ్ మన దగ్గర ఆశించకూడదు. వెనక సీట్లో ఎగరడాన్ని కూడా ముందే లెక్కలో వేసుకోవద్దు.

పీజీ గురించి మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. సర్వీసులో ఉన్నవాళ్ళకి సాయుధ దళాల వైద్య సంస్థల్లోనే పీజీ చేసే వీలుంది. దానికి ముందు కొన్నేళ్ళ సేవ, తరవాత బాండ్ ఉంటాయి. తోటివాళ్ళ కన్నా ఆలస్యమవుతుంది, అందులో దాపరికం లేదు. మీ అమ్మాయికి కార్డియాలజీయో సర్జరీయో ప్రాణమైతే ముందు పీజీ చేసి, ఆ పైన స్పెషలిస్టుగా దరఖాస్తు చేయడం మేలు. వయసు పరిమితి వాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ. ఏదైనా కోచింగ్ మాత్రం ఆపవద్దు. నీట్ పీజీ స్కోరు ఎటు వెళ్ళినా పనికొస్తుంది.

ఏరోస్పేస్ మెడిసిన్ చేసినవాళ్ళకి బయట కూడా పని ఉంది. విమానయాన సంస్థల పైలట్లకి డీజీసీఏ (పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) మెడికల్ పరీక్షలు చేయడానికి ఈ చదువున్న డాక్టర్లు కావాలి. ఇస్రో మానవ అంతరిక్ష యాత్రల కేంద్రం కూడా బెంగళూరులోనే ఉంది. ఈ రంగంలో ఎంత దూరం వెళ్ళొచ్చో చెప్పడానికి తిరుపతిలో పుట్టిన డాక్టర్ పద్మావతి బందోపాధ్యాయ ఉన్నారు. ఏవియేషన్ మెడిసిన్ స్పెషలిస్టుగా పనిచేసి, భారత వాయుసేనలో ఎయిర్ మార్షల్ అయిన మొదటి మహిళ ఆవిడే. 2020లో పద్మశ్రీ వచ్చింది.

మీ అమ్మాయికి ఇది సరిపడుతుందా అన్నది యూనిఫాం చూసి తేల్చే విషయం కాదు. వార్డులో ఏ పని తనకి నచ్చుతోందో అడగండి. ఎమర్జెన్సీలో ప్రాణం పోసిన రోజు ఇంటికి వచ్చి కళ్ళు మెరుస్తూ చెప్పే పిల్ల అయితే, ఆరోగ్యవంతుల మధ్య తిరిగే ఈ పనిలో కొన్నాళ్ళకి విసుగొస్తుంది. రోగి పైకి చెప్పింది వదిలేసి చెప్పనిది పట్టుకునే ఓపిక ఉంటే, అవతలివాళ్ళ కోపం భరించి ‘ఈ వారం నువ్వు ఎగరకూడదు’ అనగలిగితే, నేను నిస్సంకోచంగా వెళ్ళమంటాను. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ నెట్‌లో దొరుకుతుంది. అందులో పైలట్ల మెడ నొప్పి మీదో, నిద్ర మీదో నాలుగు వ్యాసాలు చదవమనండి. చదువుతుంటే ఇంకోటి తెరవాలనిపించిందా, ఆవులింతలొచ్చాయా అన్నది తనకే తెలుస్తుంది.

కళ్ళద్దాల గురించి కంగారు పడకండి. పైలట్‌కి ఉండే కంటి నిబంధనలు డాక్టర్‌కి ఉండవు. అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే సాధారణంగా అడ్డు కాదు. పవర్ మరీ ఎక్కువైతే మాత్రం దరఖాస్తుకి ముందే ఒక కంటి డాక్టర్‌కి చూపించి, నోటిఫికేషన్‌లోని ప్రమాణాలతో పోల్చుకోండి. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యే తేదీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చే తేదీ ఆ నోటిఫికేషన్ గడువులో పడతాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.