‘అంతఃకరణశుద్ధితో’: దైవసాక్షిగానా, మనస్సాక్షిగానా?

సందేహం: మాది పరకాల దగ్గర ఒక ఉన్నత పాఠశాల. స్వపరిపాలన దినోత్సవం నాడు పదో తరగతి అమ్మాయి విద్యాశాఖ మంత్రిగా ప్రమాణం చేసింది. పిల్లలు బోర్డు మీద ‘అంతకరణ శుద్ధితో’ అని రాశారు. ఆ అమ్మాయి ‘దైవసాక్షిగా’ అనకుండా ‘మనస్సాక్షిగా’ అంది. దేవుడి పేరు లేకపోతే అది ప్రమాణమే కాదని, మార్చి చెప్పమని ఒక సారు పట్టుబట్టారు. పిల్ల టెన్షన్ పడిపోయింది. ఏది ఒప్పు? అంతఃకరణం, మనస్సాక్షి, అంతరాత్మ ఒకటేనా?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, హనుమకొండ జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ అమ్మాయిని పిలిచి, నువ్వన్నది ముమ్మాటికీ ఒప్పేనని చెప్పండి. ఆ సారు ఎదుటే చెబితే మరీ మంచిది.

రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మంత్రులు, చట్టసభల సభ్యులు, న్యాయమూర్తులు చేయవలసిన ప్రమాణాల పాఠాలున్నాయి. దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా ఆ పేరు ఎత్తకుండా నిష్ఠగా ధ్రువీకరించవచ్చు. ప్రతి పాఠంలోనూ ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది తెలుగులో ‘దైవసాక్షిగా’ అని స్థిరపడింది. రెండోదాన్ని కొందరు ‘మనస్సాక్షిగా’ అని, కొందరు ‘ఆత్మసాక్షిగా’ అని, ఇంకొందరు ‘పవిత్ర హృదయంతో’ అని అంటున్నారు. వీటిలో ఒకటి గట్టిది, ఇంకొకటి బలహీనమైనది అని ఎక్కడా లేదు.

వ్యాకరణం చూసినా అంతే. ‘సాక్షాత్’ నుంచి పుట్టిన మాట సాక్షి. కళ్లారా చూసినవాడని అర్థం. దైవసాక్షిగా అంటే చూసేది దైవం. మనస్సాక్షిగా అంటే చూసేది తన మనసే. చూసేవాళ్లు లేని ప్రమాణం ఈ రెండింటిలో ఏదీ కాదు. మన పల్లెల్లో ఒకరు ‘దేవుని తోడు’ అంటారు, ఇంకొకరు ‘అమ్మతోడు’ అంటారు. అమ్మతోడు అన్నవాడి మాట చెల్లదని ఎవరైనా అన్నారా?

ఇక బోర్డు మీది తప్పు. ఇది చిన్నది కాదు, అర్థమే తలకిందులవుతుంది. అంతర్ + కరణం కలిసి అంతఃకరణం అయింది. అంతఃపురంలోనూ ఇదే ‘అంతర్’ ఉంది. క, ప వంటి పరుషాలు పరమైతే, అంటే వెంట వస్తే, రేఫ (ర్) విసర్గగా (ః) మారుతుంది. అచ్చు పరమైతే నిలుస్తుంది కాబట్టి ‘అంతరాత్మ’. కరణం అంటే సాధనం. లోపలి సాధనం అంతఃకరణం. విసర్గ తీసేస్తే మిగిలేది ‘అంతకరణం’, అంటే అంతం చేయడం! యముణ్ని అంతకుడు అనేది ఆ ‘అంత’ శబ్దంతోనే. ‘మనసాక్షి’ అని కూడా విరివిగా రాస్తున్నారు. ‘మనస్సాక్షి’ అని సకారానికి ఒత్తు ఉండాలి.

మూడు మాటలూ దగ్గరివే, ఒకటి కావు. వేదాంతులు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం నాలుగింటినీ కలిపి అంతఃకరణం అన్నారు. మంచిచెడ్డలు తేల్చేది అనే అర్థం కూడా పాతదే. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు, సందేహం కలిగిన చోట సత్పురుషులకు తమ అంతఃకరణ ప్రవృత్తులే ప్రమాణం, అంటే కొలబద్ద, అంటాడు. మనస్సాక్షి తప్పు చేసినప్పుడు నిలదీసేది. అంతరాత్మ తత్త్వశాస్త్రపు మాటే అయినా, 1969 రాష్ట్రపతి ఎన్నికతో ‘అంతరాత్మ ప్రబోధం’ (పార్టీ చెప్పినట్టు కాక మనసు చెప్పినట్టు ఓటేయడం) రాజకీయాల్లోకి దిగింది. ఆ ఎన్నికలో మన నీలం సంజీవరెడ్డి గారు వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు.

‘అంతఃకరణశుద్ధితో’ అనే విశేషణం మంత్రుల ప్రమాణంలోనే వస్తుంది. ఎంపీలు, ఎమ్మెల్యేల పాఠంలో లేదు. అధికారం చేతికందేవాళ్ల దగ్గర ఈ మాట ఉండడం నాకు చాలా సబబుగా తోస్తుంది. రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ అంతఃకరణ స్వేచ్ఛనూ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కునూ ఇచ్చింది; ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అనే షరతు పెట్టింది. అంతఃకరణం ఎవరిది వారిది, దానిలో ఇంకొకరు చేయి పెట్టకూడదు. అయితే ‘నా ఇష్టం’ అనడానికి అది సాకు కాదు. అందుకే పక్కన ‘శుద్ధి’ ఉంది. స్వేచ్ఛ, నీతి రెండూ ఆ ఒక్క సమాసంలో ఉన్నాయి. తమను తాము పాలించుకునే ప్రజలకు రెండూ కావాలి. పైనుంచి కర్ర పట్టుకుని నిలబడే రాజు లేడు కదా.

దేవుడి పేరు చేర్చాలని రాజ్యాంగ సభలోనూ కోరారు. 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. 41 మంది అనుకూలంగా, 68 మంది వ్యతిరేకంగా ఓటేశారు. వద్దన్నవాళ్లందరూ నాస్తికులు కారు. అలా చేర్చడం సంకుచితం అవుతుందని హృదయనాథ్ కుంజ్రూ అన్నారు. నమ్మకం బలవంతం మీద రాదు. మీ సారు భక్తిని నేను గౌరవిస్తాను. కానీ భయపడి ‘దైవసాక్షిగా’ అని ఉంటే, ఆ పిల్ల దేవుడి ముందు అబద్ధం ఆడినట్టయ్యేది.

వచ్చే ఏడాది రెండు రూపాలూ బోర్డు మీద రాసి, ఏది చదవాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి. సమాసం కాబట్టి ‘అంతఃకరణశుద్ధితో’ అని కలిపి రాయించండి. పలికించేటప్పుడు ‘అంతహ్’ దగ్గర ఊపిరి కాస్త వదిలి, ఆగకుండా ‘కరణ’ అనమనండి.